చదవడం చెవికి, చూడటం కంటికి: ఒకే కంప్యూటర్‌లో స్క్రీన్ రీడర్, మాగ్నిఫయర్ కలిపి వాడటం ఎలా?

కొంత చూపు ఉండి, ఆ చూపుతో కంప్యూటర్ మీద నెట్టుకొస్తున్నవారి కోసం ఇది రాస్తున్నాను. అక్షరాలు బాగా పెద్దవి చేస్తే చదవగలరు. కానీ కాసేపటికే కళ్ళు లాగేస్తాయి, స్క్రీన్ మీదికి వంగి వంగి మెడ పట్టేస్తుంది, ఒక పేజీ పూర్తయ్యేసరికి మొదట్లో ఏం చదివామో గుర్తుండదు. స్క్రీన్ మీది రాతను పైకి చదివి వినిపించే ప్రోగ్రాంను స్క్రీన్ రీడర్ అంటారు. ఎవరైనా "స్క్రీన్ రీడర్ వాడొచ్చు కదా" అంటే మాత్రం మనసు ఒప్పుకోదు. "నాకింకా కనిపిస్తోంది కదా, అది అసలు చూపు లేనివారికి" అనుకుంటాం. నేనూ చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను. జూమ్ పెంచుకుంటూ పోయి, చివరికి ఒక్కో పదాన్ని వెతుక్కుంటూ చదివే స్థితికి వచ్చాక గానీ రెండోదాని వైపు చూడలేదు. అంత ఆలస్యం మీరు చేయకండి.

స్క్రీన్ రీడర్‌ను, స్క్రీన్‌ను పెద్దది చేసి చూపే మాగ్నిఫయర్‌ను కలిపి వాడటంలో కిటుకు ఒక్కటే. ఏ పని ఎవరిదో ముందే పంచేయాలి. వాక్యాలు చదవడం చెవికి అప్పగించండి. ఏది ఎక్కడ ఉంది, బొమ్మ ఎలా ఉంది, ఏ బటన్ మీద ఉన్నాం అన్నది కంటికి వదలండి. ఇద్దరూ ఒకే పని చేస్తుంటే గందరగోళమే మిగులుతుంది.

ఇక్కడ విండోస్ కంప్యూటర్, ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్, విండోస్‌లోనే ఉండే మాగ్నిఫయర్ అన్న లెక్కలో చెబుతున్నాను. ఎన్‌వీడీఏ ఉచితం, 2006లో ఆస్ట్రేలియాలో మొదలైంది. మాగ్నిఫయర్ కోసం వేరే ఏమీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. డబ్బు పెట్టగలిగితే ఫ్యూజన్, సూపర్‌నోవా లాంటి ప్రోగ్రాంలలో మాట, జూమ్ రెండూ ఒకే చోట దొరుకుతాయి. అయితే నేర్చుకోవడానికి ఉచితమైనవి చాలు.

మాగ్నిఫయర్ కంటే ముందు చేయాల్సినవి

చాలామంది మొదటి రోజే నేరుగా మాగ్నిఫయర్‌ను 400 శాతానికి పెంచేస్తారు. లెక్క ఒకసారి చూడండి. 200 శాతం జూమ్ పెడితే స్క్రీన్‌లో నాలుగో వంతే కనిపిస్తుంది. 300కి తొమ్మిదో వంతు, 400కి పదహారో వంతు. మిగతా పదిహేను వంతుల్లో ఏం జరుగుతోందో తెలియదు. అందుకే మాగ్నిఫయర్ భారం ఎంత తగ్గిస్తే అంత మంచిది.

విండోస్ కీతో యు నొక్కితే యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్ తెరుచుకుంటాయి. అక్కడ "టెక్స్ట్ సైజ్" ఉంది, దాన్ని 225 శాతం వరకు పెంచుకోవచ్చు. "మౌస్ పాయింటర్ అండ్ టచ్"లో పాయింటర్‌ను పెద్దది చేసి, మీ కంటికి బాగా ఆనే రంగు పెట్టుకోండి. "టెక్స్ట్ కర్సర్"లో ఇండికేటర్ ఆన్ చేస్తే, టైప్ చేసే చోట కర్సర్‌కు పైనా కిందా రంగు గుర్తు వస్తుంది. తర్వాత బ్రౌజర్‌లో కంట్రోల్‌తో ప్లస్ నొక్కి పేజీనే పెద్దది చేయండి. ఇలా పెంచితే చాలా సైట్లలో వాక్యాలు కిటికీ వెడల్పుకు తగ్గట్టు మడత పడతాయి, పక్కకు జరపాల్సిన పని ఉండదు. మాగ్నిఫయర్‌లో ఆ సౌకర్యం లేదు, అది స్క్రీన్‌ను ఉన్నదున్నట్టు పెద్దది చేస్తుంది అంతే. వర్డ్‌లో "వెబ్ లేఅవుట్" వ్యూ పెట్టుకుంటే అక్కడ కూడా వాక్యాలు ఇలాగే మడత పడతాయి.

ఒక్క మాగ్నిఫయర్‌తోనే 300 శాతం పెట్టేకంటే, బ్రౌజర్‌లో 200, మాగ్నిఫయర్‌లో 150 పెట్టి చూడండి. అక్షరం సైజు దాదాపు అంతే, తిప్పలు మాత్రం చాలా తక్కువ.

ఎన్‌వీడీఏ పెట్టుకోవడం

ముందు స్క్రీన్ రీడర్‌నే మొదలుపెట్టమంటాను. మాట వినిపిస్తుంటే మాగ్నిఫయర్ సెట్టింగ్స్ మార్చడం సులువు. ఇన్‌స్టాల్ అయ్యాక కంట్రోల్, ఆల్ట్, ఎన్ కలిపి నొక్కితే ఎన్‌వీడీఏ మొదలవుతుంది. మధ్యలో ఎప్పుడైనా గొంతు ఆగిపోయినా ఇవే మూడు కీలు, అది మళ్ళీ మొదలవుతుంది. ఈ ఒక్కటీ వేళ్ళకు అలవాటైతే సగం టెన్షన్ పోతుంది.

ఇక మీదట నేను "ఎన్‌వీడీఏ కీ" అంటే ఇన్సర్ట్ అని అర్థం. ల్యాప్‌టాప్‌లో ఇన్సర్ట్ వెతుక్కోవడం కష్టమైతే, మొదటిసారి వచ్చే స్వాగత పెట్టెలో క్యాప్స్ లాక్‌ను కూడా ఎన్‌వీడీఏ కీగా ఎంచుకోవచ్చు, ల్యాప్‌టాప్ లేఅవుట్ (నంబర్ ప్యాడ్ లేని కీబోర్డులకు తగ్గ కీల అమరిక) కూడా అక్కడే ఎంచుకోవచ్చు. అప్పుడు అసలు క్యాప్స్ లాక్ కావాలంటే దాన్ని వెంటవెంటనే రెండుసార్లు నొక్కాలి.

ఎన్‌వీడీఏ కీ, కంట్రోల్, వి కలిపి నొక్కితే గొంతు సెట్టింగ్స్ వస్తాయి. దానితో పాటు వచ్చే ఈస్పీక్ ఎన్‌జీ అనే గొంతుల ప్రోగ్రాంలో తెలుగు గొంతు ఉంది. కాస్త మరమనిషి మాటలా ఉంటుంది, వారం రోజులు వింటే చెవి సర్దుకుంటుంది. వేగం మాత్రం తగ్గించి మొదలుపెట్టండి. చూపు ఉన్నవారు గొంతు నిదానంగా ఉందని విసుక్కుని మళ్ళీ కంటితో చదవడం మొదలుపెడతారు. అలా అనిపించినప్పుడు వేగాన్ని ఒక్క మెట్టు పెంచండి, కంటికి పని చెప్పకండి. మాట ఆపాలంటే కంట్రోల్ ఒక్కటి నొక్కితే చాలు. షిఫ్ట్ నొక్కితే తాత్కాలికంగా ఆగి, మళ్ళీ నొక్కినప్పుడు అక్కడి నుంచే సాగుతుంది.

మాగ్నిఫయర్ పెట్టుకోవడం

విండోస్ కీతో ప్లస్ నొక్కితే మాగ్నిఫయర్ మొదలవుతుంది. మళ్ళీ నొక్కితే పెరుగుతుంది, మైనస్‌తో తగ్గుతుంది. ఆపాలంటే విండోస్ కీతో ఎస్కేప్. గరిష్ఠంగా 1600 శాతం వరకు వెళ్తుంది గానీ అంత దాకా వెళ్ళాల్సి వస్తోందంటే ఆ పని చెవికి ఇవ్వాల్సిన సమయం వచ్చినట్టే.

ఇప్పుడు విండోస్ కీ, కంట్రోల్, ఎం కలిపి నొక్కండి. నేరుగా మాగ్నిఫయర్ సెట్టింగ్స్‌కి వెళ్తారు. అక్కడ వరసగా ఇవి మార్చండి:

1. "జూమ్ ఇంక్రిమెంట్" ముందుగా 100 శాతం ఉంటుంది. అంటే ఒక్కసారి నొక్కగానే రెట్టింపు అయిపోతుంది. దాన్ని 25 చేయండి.

2. "వ్యూ"లో ఫుల్ స్క్రీన్ ఎంచుకోండి. మౌస్ చుట్టూ ఉన్న కాస్త చోటునే పెద్దది చేసే లెన్స్ వ్యూ మౌస్ పట్టుకుని తిరిగేవారికి బాగుంటుంది, కీబోర్డ్‌తో స్క్రీన్ రీడర్ వాడేవారికి అంతగా కలిసిరాదు. డాక్డ్ వ్యూ మాత్రం కొందరికి బాగా పనికొస్తుంది. స్క్రీన్ పైభాగంలో ఒక పట్టీలో పెద్ద అక్షరాలు, కింద మామూలు స్క్రీన్ ఉంటాయి.

3. "హ్యావ్ మాగ్నిఫయర్ ఫాలో మై" కింద మౌస్ పాయింటర్, కీబోర్డ్ ఫోకస్ (కీబోర్డ్‌తో వెళ్తున్నప్పుడు మనం ఏ బటన్ లేదా పెట్టె మీద ఉన్నామో ఆ చోటు), టెక్స్ట్ కర్సర్ మూడింటికీ టిక్ పెట్టండి. ఈ పనంతటిలో అన్నిటికంటే ముఖ్యమైన సెట్టింగ్ ఇదే. స్క్రీన్ రీడర్ ఎక్కడికి వెళ్తే మాగ్నిఫయర్ అక్కడికి వస్తుందా లేదా అన్నది ఈ టిక్కుల మీదే ఆధారపడుతుంది.

4. దాని దగ్గరే మౌస్ పాయింటర్‌ను, టెక్స్ట్ కర్సర్‌ను స్క్రీన్ మధ్యలో ఉంచాలా, అంచుల లోపల ఉంటే చాలా అని అడుగుతుంది. మధ్యలో ఉంచమనండి. అంచులో ఉంటే, వినిపిస్తున్న పదం మూలన కనిపించి, దాని తర్వాతి పదాలు స్క్రీన్ బయట ఉండిపోతాయి. మౌస్ కదిలినప్పుడల్లా స్క్రీనంతా కదిలి కళ్ళు తిరుగుతుంటే మాత్రం మౌస్ వరకు అంచుల పద్ధతికి మారండి.

వెలుగు గుచ్చుకునేవారు కంట్రోల్, ఆల్ట్, ఐ నొక్కితే రంగులు తిరగబడతాయి, తెల్ల పేజీ నల్లగా మారుతుంది. పక్కచూపు తగ్గినవారికి ఒక మాట: జూమ్ పెంచేకొద్దీ మీకు పట్టే ముక్క ఇంకా చిన్నదవుతుంది. రంగులు తిప్పి, జూమ్ తక్కువగా ఉంచి, చదవడం పూర్తిగా చెవికి ఇచ్చేస్తే మీకే ఎక్కువ లాభం.

మాట ముందుకు పోతుంది, స్క్రీన్ అక్కడే ఉంటుంది

కొత్తవారిని ఎక్కువగా నిరుత్సాహపరిచేది ఇదే, కాబట్టి ఇక్కడ కొంచెం వివరంగా చెబుతాను. మెనూలు, ఫారాలు, వర్డ్ ఫైళ్ళలో మాగ్నిఫయర్ చక్కగా వెంట వస్తుంది. బ్రౌజర్‌లో ఒక వ్యాసం తెరిచి కింది బాణం నొక్కుతూ పోతే మాత్రం గొంతు మూడో పేరా చదువుతుంటుంది, స్క్రీన్ మీద మొదటి పేరానే ఉంటుంది. సెట్టింగ్ తప్పు పెట్టామేమో అనిపిస్తుంది. మీ తప్పేమీ లేదు. వెబ్ పేజీలో ఎన్‌వీడీఏ తన సొంత కర్సర్‌తో నడుస్తుంది, దాన్ని బ్రౌజ్ మోడ్ అంటారు. ఆ కర్సర్ సంగతి మాగ్నిఫయర్‌కు తెలియదు. దానికి తెలిసినవి మౌస్, ఫోకస్, టైపింగ్ కర్సర్.

దీనికి మార్గాలు ఉన్నాయి. మొదటిది, ఎన్‌వీడీఏ సెట్టింగ్స్‌లో "విజన్" అనే విభాగానికి వెళ్ళి విజువల్ హైలైట్‌ను ఆన్ చేయండి. బ్రౌజ్ మోడ్ కర్సర్ ఉన్న చోట పసుపు గీతతో పెట్టె వస్తుంది, ఫోకస్ ఉన్న చోట నీలం పెట్టె వస్తుంది. స్క్రీన్‌లో ఆ ముక్క కనిపిస్తూ ఉంటే, వింటున్నది ఏదో కంటికి ఇట్టే తెలుస్తుంది.

రెండోది నేను రోజూ వాడేది. చదివించుకుంటూ వెళ్తాను, ఏదైనా పటమో, పట్టికో, స్పెల్లింగో కంటితో చూడాలనిపించిన చోట కంట్రోల్‌తో గొంతు ఆపుతాను. అప్పుడు ఎన్‌వీడీఏ కీతో పాటు నంబర్ ప్యాడ్ మీది స్లాష్ నొక్కుతాను. ల్యాప్‌టాప్ లేఅవుట్‌లో అయితే ఎన్‌వీడీఏ కీ, షిఫ్ట్, ఎం. దీంతో మౌస్ పాయింటర్ ఎగిరి, ఎన్‌వీడీఏ ఆగిన చోటికి వస్తుంది. మౌస్ వెంట మాగ్నిఫయర్ వస్తుంది. వింటున్న చోటు సరిగ్గా కళ్ళ ముందు ఉంటుంది. ఇది వేళ్ళకు అలవాటైన రోజు నాకు కలిగిన ఊరట మాటల్లో చెప్పలేను. మీరు ఈ వ్యాసం నుంచి ఒక్కటే తీసుకుంటే ఇదే తీసుకోండి.

మూడో మార్గం కూడా ఉంది. ఎన్‌వీడీఏ కీతో 8 నొక్కితే, బాణాలతో వెళ్తున్నప్పుడు లింకు, బటన్ లాంటివి తగిలిన ప్రతిసారీ అసలు ఫోకస్ కూడా అక్కడికి వస్తుంది, మాగ్నిఫయర్ కూడా వస్తుంది. వట్టి పేరాలకు ఇది పనికిరాదు. లింకులు ఎక్కువ ఉన్న పేజీల్లో పెట్టుకుని తర్వాత తీసేయండి.

చదువుతున్నంతసేపూ ప్రతి వాక్యం వెంటా జూమ్ నడవాల్సిందే అనుకునేవారు విండోస్‌లోనే ఉండే నరేటర్ అనే స్క్రీన్ రీడర్‌ను కూడా ప్రయత్నించవచ్చు. విండోస్ కీ, కంట్రోల్, ఎంటర్ నొక్కితే మొదలవుతుంది. మాగ్నిఫయర్ సెట్టింగ్స్‌లో "నరేటర్ కర్సర్" అని ప్రత్యేకంగా ఒక టిక్ ఉంది కాబట్టి ఆ రెండూ బాగా కలిసి నడుస్తాయి. నరేటర్, ఎన్‌వీడీఏ రెండూ ఒకేసారి మాత్రం వద్దు. రెండు గొంతులు ఒకదాని మీద ఒకటి మాట్లాడతాయి. మాగ్నిఫయర్‌లో కూడా కంట్రోల్, ఆల్ట్, ఎంటర్ నొక్కితే చదివే సౌకర్యం ఉంది, దాన్నీ పక్కన పెట్టండి.

ఒకే కీల కోసం ఇద్దరూ

కంట్రోల్, ఆల్ట్‌తో బాణాలు నొక్కితే మాగ్నిఫయర్‌లో స్క్రీన్ ఆ వైపు జరుగుతుంది. అవే కీలు ఎన్‌వీడీఏలో పట్టికలో ఒక గడి నుంచి పక్క గడికి వెళ్ళడానికి. వెబ్ పేజీలో ఉన్నప్పుడు వాటిని ముందు ఎన్‌వీడీఏ అందుకుంటుంది. స్క్రీన్ జరపాలని నొక్కితే, పట్టికలో లేరని చెబుతుంది. అప్పుడు ముందు ఎన్‌వీడీఏ కీతో ఎఫ్2 నొక్కండి. తర్వాత నొక్కే కీలను ఎన్‌వీడీఏ ముట్టుకోకుండా వదిలేస్తుంది. ప్రతిసారీ ఇలా చేయడం విసుగనిపిస్తే, ఎన్‌వీడీఏ యాడ్ఆన్ స్టోర్‌లో "విండోస్ మాగ్నిఫయర్" అనే యాడ్ఆన్ (ఎన్‌వీడీఏకు జోడించుకునే అదనపు ముక్క) ఉంది. ఈ కీల గొడవ తగ్గించడంతో పాటు, మాగ్నిఫయర్‌లో మీరు చేసిన మార్పులను గొంతుతో చెబుతుంది.

వర్డ్ వాడేవారికి చిన్న జాగ్రత్త. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్ నొక్కితే మాగ్నిఫయర్ ఫుల్ స్క్రీన్‌కు మారుతుంది. మాగ్నిఫయర్ ఆపేసి ఉన్నప్పుడు అవే కీలు వర్డ్‌లో నొక్కితే ఫుట్‌నోట్ వచ్చి చేరుతుంది. రాస్తున్న ఫైల్‌లో ఉన్నట్టుండి అలాంటిది కనిపిస్తే కంట్రోల్‌తో జెడ్ నొక్కి వెనక్కి తీసుకోండి.

మౌస్‌ను మాట్లాడనివ్వాలా?

మనం ఏమీ మార్చకపోతే ఎన్‌వీడీఏ మౌస్ కింద ఉన్నదాన్ని చదువుతూ ఉంటుంది. మాగ్నిఫయర్‌తో కలిపితే, స్క్రీన్‌ను జరపడానికి మౌస్ కదిలించిన ప్రతిసారీ దారిలో తగిలినవన్నీ వినాల్సి వస్తుంది. ఎన్‌వీడీఏ కీతో ఎం నొక్కి దాన్ని ఆపండి. పేరు లేని చిన్న చిన్న బొమ్మ బటన్ల వరుస ముందున్నప్పుడు మళ్ళీ ఆన్ చేసి, ఒక్కోదాని మీద పాయింటర్ ఆనించి వినండి. ఎన్‌వీడీఏ కీ, కంట్రోల్, ఎం నొక్కితే వచ్చే సెట్టింగ్స్‌లో, మౌస్ కింద ఎంత చదవాలన్నది పేరా నుంచి పదానికి మార్చుకుంటే ఇంకా హాయి.

గొంతు అస్తమానం వద్దు, అడిగినప్పుడే కావాలి అనుకునేవారు ఎన్‌వీడీఏ కీతో ఎస్ నొక్కుతూ "ఆన్ డిమాండ్" అని వినిపించే దాకా వెళ్ళండి. ఇది 2024లో వచ్చిన సౌకర్యం. ఆ మోడ్‌లో, చదవమని మీరు అడిగినప్పుడే మాట్లాడుతుంది. ఎన్‌వీడీఏ కీతో ట్యాబ్ నొక్కితే ఫోకస్ ఎక్కడుందో, టి నొక్కితే కిటికీ పేరేమిటో చెబుతుంది. చూపు మీద ఎక్కువ ఆధారపడేవారికి స్క్రీన్ రీడర్‌తో పరిచయం పెంచుకోవడానికి ఇంతకంటే మంచి దారి నాకు కనిపించలేదు.

ఫారంతో సాధన చేయండి

నేర్చుకోవడానికి ఏదైనా ఆన్‌లైన్ ఫారం తెరవండి. పెద్ద జూమ్‌లో ఫారం నింపడం ఎంత కష్టమో మీకు తెలుసు. ఖాళీ పెట్టె ఒక్కటే కనిపిస్తుంది, అందులో ఏం రాయాలో చెప్పే పేరు ఎక్కడో ఎడమ వైపు స్క్రీన్ బయట ఉంటుంది. పేరు చూడటానికి వెళ్తే పెట్టె పోతుంది. ఇప్పుడు ట్యాబ్ నొక్కండి. పేరు చెవికి వినిపిస్తుంది, పెట్టె కంటి ముందు ఉంటుంది. టైప్ చేసింది కంటితో సరిచూసుకోండి. అక్షరం అక్షరం వినాలంటే ఎన్‌వీడీఏ కీతో 2, పదం పదం వినాలంటే 3. నా వరకు పదాలు ఉంచుకుని అక్షరాలు తీసేస్తాను. పంపే ముందు ఎన్‌వీడీఏ కీతో ఎఫ్7 నొక్కి లింకులు, శీర్షికలు, బటన్ల జాబితా చూడండి. కింద ఎక్కడో ఉన్న బటన్ కోసం పేజీ అంతా తడుముకోనక్కర్లేదు.

మధ్యలో ఎక్కడున్నారో తెలియకుండా పోతే కంట్రోల్, ఆల్ట్, స్పేస్ నొక్కండి. మొత్తం స్క్రీన్ ఒక్కసారి కనిపించి మళ్ళీ పెద్దదవుతుంది. ఎన్‌వీడీఏ కీతో ట్యాబ్ కూడా నొక్కితే, కన్ను చెప్పింది, చెవి చెప్పింది కలిపి చోటు పట్టేయవచ్చు. ఉన్నట్టుండి ఏదో సందేశం పెట్టె తెరుచుకుని స్క్రీన్ అటు గెంతినప్పుడు చాలామంది కంగారుపడి మౌస్ కదుపుతారు, దాంతో ఇంకా దూరం పోతారు. చేతులు తీసేసి ముందు వినండి, అదేమిటో ఎన్‌వీడీఏ చెబుతుంది.

పొడవైన వ్యాసమో, ఉత్తరమో చదువుతున్నప్పుడు విండోస్ కీతో ఎస్కేప్ నొక్కి మాగ్నిఫయర్‌ను పూర్తిగా ఆపండి. ఎన్‌వీడీఏ కీతో కింది బాణం, ల్యాప్‌టాప్ లేఅవుట్‌లో అయితే ఎ నొక్కి, కళ్ళు మూసుకుని వినండి. బొమ్మ వచ్చిందని వినిపిస్తే మళ్ళీ విండోస్ కీతో ప్లస్ నొక్కి చూడండి.

వేరేవాళ్ళ కంప్యూటర్ వాడాల్సి వచ్చినప్పుడు

సెట్టింగ్స్ మీకు నచ్చినట్టు కుదిరాక ఎన్‌వీడీఏ కీ, కంట్రోల్, సి నొక్కి సేవ్ చేయండి. తర్వాత ఎన్‌వీడీఏ కీతో ఎన్ నొక్కితే వచ్చే మెనూలో, టూల్స్ కింద పోర్టబుల్ కాపీ తయారుచేసే ఆప్షన్ ఉంది. దాన్ని ఒక పెన్ డ్రైవ్‌లో పెట్టుకోండి. వేరే కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేయకుండానే అందులోంచి మీ గొంతు, మీ వేగం, మీ పసుపు పెట్టెతో సహా నడుస్తుంది. మాగ్నిఫయర్ సెట్టింగ్స్ మాత్రం వెంట రావు. అక్కడ కూర్చోగానే విండోస్ కీ, కంట్రోల్, ఎం నొక్కి జూమ్ ఇంక్రిమెంట్‌ను 25 చేసి, ఆ మూడు టిక్కులూ ఉన్నాయో లేదో చూసుకోండి. లేచేటప్పుడు మళ్ళీ పాతవి ఎలా ఉన్నాయో అలా పెట్టేయండి.